రెండో గ్లాసు

ఫిబ్రవరి 28 దగ్గర పడుతోందంటే హైస్కూళ్లలో అరటిపండ్లకు గిరాకీ పెరుగుతుంది. జాతీయ సైన్స్ దినోత్సవం నాడు బల్లల మీద అగ్నిపర్వతం నమూనా, నిమ్మకాయ బ్యాటరీ ఎలాగూ ఉంటాయి. వాటి సరసన ఇప్పుడు పండులోంచి డీఎన్ఏ తీయడం కూడా చేరింది. ఖర్చు తక్కువ, ఫలితం కంటికి కనిపిస్తుంది, పేరు వింటేనే పిల్లలు ముందుకు జరుగుతారు. గుజ్జులో సబ్బు, ఉప్పు కలిపి, వడగట్టి, పైన చల్లటి ఆల్కహాల్ పోస్తే కాసేపటికి తెల్లటి పోగులు తేలతాయి. "ఇదే డీఎన్ఏ" అంటారు సారు. చప్పట్లు కొట్టి అందరూ పక్క బల్లకు వెళ్లిపోతారు.

ఆ చప్పట్ల మీద నాకు కోపం లేదు. కాకపోతే వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, "అది డీఎన్ఏ అని ఎలా తెలుసు సార్?" అని అడిగితే ఏం చెప్పాలి? పుస్తకంలో రాశారని చెబితే ఆ పిల్ల మళ్లీ అడగదు. ఇంకెప్పుడూ అడగకపోవచ్చు కూడా. ఈ అధ్యాయం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను. దానికి జవాబు వెతకాలంటే బల్ల మీద ఇంకో గ్లాసు పెట్టాలి. మొదటి గ్లాసులో చేసినవన్నీ అందులోనూ చేసి, ఒక్క పని మాత్రం మానేయాలి. ఈ అలవాటు పన్నెండేళ్లకే పట్టుబడిన పిల్లలు పెద్దయ్యాక టీవీలో ప్రకటన చూసినా, ఫోన్లో ఫార్వర్డ్ అయిన వైద్య సలహా చదివినా "అది వాడనివాళ్లకు ఏమైంది?" అని అడుగుతారు. ధైర్యం గురించి, లక్ష్యాల గురించి పుస్తకాలు బోలెడు వస్తున్నాయి. ఈ ఒక్క ప్రశ్న నేర్పేవి మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

ముందు మొదటి గ్లాసు కుదరాలి కదా. పండు దగ్గర మొదలుపెడదాం.

అరటి మనకు అన్నివిధాలా అనుకూలం. ఏడాది పొడవునా దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది, కోయడానికి కత్తి అక్కర్లేదు. తినే అరటి రకాల్లో చాలావాటికి క్రోమోజోముల జతలు ఉండవు, మూడేసి ఉంటాయి. పదకొండు చొప్పున మూడు కట్టలు, మొత్తం 33. గింజ కట్టకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పిల్లలకు ఇది చెప్పండి, అరటిపండు నిలువునా చీల్చి మధ్యలో ఉన్న నల్లటి చుక్కలు చూపించండి. గింజలు కాబోయి ఆగిపోయినవి అవే. పాశ్చాత్య దేశాల ప్రయోగ పుస్తకాల్లో స్ట్రాబెర్రీకే పెద్దపీట వేస్తారు. దానికి ఎనిమిది కట్టలు, 56 క్రోమోజోములు, కాబట్టి ఒక్కో కణంలో ఒకే సమాచారం ఎనిమిదేసి ప్రతులుగా ఉంటుంది. లంబసింగి చుట్టుపక్కల చలికాలంలో పండుతోంది కనుక అక్కడివాళ్లు వాడుకోవచ్చు. మిగతావాళ్లు సూపర్ మార్కెట్లో డబ్బాకు డబ్బు పోయనక్కర్లేదు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌లో కూడా పాలకూర, పచ్చి బఠాణీ, బొప్పాయి లాంటివే చెప్పారు.

చక్కెరకేళి అయినా, అమృతపాణి అయినా, గ్రాండ్ నైన్ అయినా ఒకటే. నొక్కితే వేలు దిగేంత పండి ఉండాలి. పచ్చికాయలో పిండి ఎక్కువ, కణాలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. కుళ్లిందీ వద్దు. చచ్చిన కణాల్లోంచి బయటపడ్డ ఎంజైములే డీఎన్ఏను ముక్కలు ముక్కలుగా కొరికేస్తాయి.

సగం పండు దళసరి ప్లాస్టిక్ కవర్లో వేసి, గాలి తీసేసి, మూతి కట్టి చేత్తో నలపండి. పిల్లలకు ఎలాగూ ఇదే ఇష్టం. మిక్సీ వద్దంటాను. బ్లేడు తిరిగినకొద్దీ పోగులు తెగుతాయి, తెగినవి పుల్లకు చుట్టుకోవు. ఒక గ్లాసులో 120 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల పాత్రలు తోమే లిక్విడ్ వేసి నురగ రాకుండా కలపండి. అందులో సగం గుజ్జులో పోసి, కవరును మెల్లగా అటూ ఇటూ ఆడించి, పది నిమిషాలు వదిలేయండి. తర్వాత తడిపిన పల్చటి నూలుగుడ్డలో వడగట్టాలి. ఇక్కడ తొందరపడి గుడ్డ పిండకూడదు. పిండితే గుజ్జు కూడా దిగి, ద్రవం మడ్డిగా అయిపోతుంది, అందులో ఏం తేలినా కనిపించదు. సన్నటి గాజు గ్లాసులోనో పరీక్షనాళికలోనో రెండు వేళ్ల ఎత్తు ద్రవం దిగితే చాలు.

ఇక ఆల్కహాల్. ఎక్కువ ప్రయోగాలు దెబ్బతినేది ఇక్కడే, అందుకని కాస్త నిలబడదాం. ప్రయోగశాలల్లో ఇథనాల్ వాడితే ద్రవానికి రెండు రెండున్నర రెట్లు పోస్తారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే దాదాపు సమానంగా పోస్తే సరిపోతుంది. మనకు రెండోదే నయం. మందుల షాపులో దొరక్కపోతే సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లను అడగండి, సర్క్యూట్లు తుడవడానికి వాళ్లు 99 శాతం ఐసోప్రొపైల్ వాడతారు. చేతులకు రాసుకునే శానిటైజర్ సుమారు 70 శాతం ఉంటుంది. దాన్ని సమానంగా పోస్తే కలిశాక 35 శాతానికి పడిపోతుంది, ఆ పలుచనలో డీఎన్ఏ సరిగా విడిపోదు. జెల్ రకం శానిటైజరైతే అసలే వద్దు. అందులో చిక్కదనం కోసం కలిపినవే తెల్లగా కనబడి మోసం చేస్తాయి.

సీసాను ఇంట్లో ఫ్రిజ్ ఫ్రీజర్లో పెట్టమని చాలాచోట్ల చెబుతారు. ఆ సలహా నాకు నచ్చదు. ఆల్కహాల్ ఆవిరి చుట్టూ చేరితే ఫ్రిజ్ లోపల చిన్న నిప్పురవ్వ చాలు. ఒక గిన్నెలో ఐసు ముక్కలు, గుప్పెడు ఉప్పు వేసి మూత పెట్టిన సీసాను అరగంట ముందు అందులో నిలబెట్టండి. ఇంకో మాట. మన సైన్స్ దినోత్సవాలు జ్యోతి ప్రజ్వలనతో మొదలవుతాయి, పక్కన అగరొత్తులు వెలుగుతుంటాయి. ఈ బల్లను దీపానికి దూరంగా, కిటికీకి దగ్గరగా వేయించండి. ఆల్కహాల్ పోసే పని మాస్టారిదే. కళ్లద్దాలుంటే పెట్టుకోండి. గ్లాసులోది పండురసంలా కనబడుతుంది కాబట్టి చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా ఒకరు కనిపెట్టి ఉండాలి.

గ్లాసును వంచి, అంచు మీదుగా, ధార తెగకుండా, నెమ్మదిగా, ద్రవం ఎంత ఉందో అంత పోయండి. బరువైన పండునీరు కింద, తేలికైన ఆల్కహాల్ పైన నిలుస్తాయి. రెండూ కలిసేచోట మబ్బులా మొదలై, చిన్న బుడగలు పట్టుకుని, తెల్లటి పోగులు పైకి లేస్తాయి. మూడు నాలుగు నిమిషాలు గ్లాసు ముట్టకండి. తర్వాత చీపురుపుల్ల దించి ఒకే వైపు తిప్పితే చుట్టుకుంటుంది.

చేసినవాటిలో ఒక్కోదాని పని ఏమిటో పిల్లలతోనే చెప్పించవచ్చు. నలిపినప్పుడు కణకవచాలు చితికాయి. కణం చుట్టూ, కేంద్రకం చుట్టూ ఉన్న పొరలు కొవ్వు పదార్థంతో అయినవి, వాటిని సబ్బు విడదీసింది. డీఎన్ఏ గొలుసు పొడుగునా ఫాస్ఫేట్లున్నాయి, వాటికి రుణావేశం, కాబట్టి పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం ఆ ఆవేశాన్ని కప్పేస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న డీఎన్ఏ ఆల్కహాల్ తగిలేసరికి కరిగి ఉండలేక బయటికొచ్చింది. చల్లదనం వల్ల కొరికే ఎంజైములు మందగించాయి. "సూక్ష్మదర్శినిలో కూడా కనిపించని డీఎన్ఏ ఇలా ఎలా కనిపిస్తోంది?" అని తప్పకుండా అడుగుతారు. ఒక్క పోగు వెడల్పు 2 నానోమీటర్లే. వీధి చివర నిలబడ్డ అమ్మాయి తలలో ఒక్క వెంట్రుక మనకు కనిపించదు, జడ కనిపిస్తుంది. గ్లాసులో మనం చూసేదీ జడే, లక్షల కోట్ల పోగులు పెనవేసుకున్న జడ.

లేదా, మనం అలా అనుకుంటున్నాం. ఇప్పుడు రెండో గ్లాసు తీయండి.

అదే పండులో రెండో సగం. అంతే నీళ్లు, అంతే ఉప్పు, అంతే సేపు, అదే గుడ్డ. సబ్బు మాత్రం లేదు. ఆల్కహాల్ పోసేముందు "ఏమొస్తుంది?" అని అడిగి, ప్రతి ఒక్కరి జవాబూ నోటుబుక్కులో రాయించండి. రాయకపోతే తర్వాత అందరూ "నేను ముందే అనుకున్నా" అంటారు. పొరలు విడదీసే సబ్బు లేదు కనుక ఏమీ రాదని తెలివైన పిల్లలు చెబుతారు. పోయండి. చాలాసార్లు అందులోనూ తెల్లటిది తేలుతుంది. కొన్ని పండ్లతో తక్కువ, కొన్నిటితో దాదాపు అంతే. గదిలో గొడవ మొదలవుతుంది. ఆ పీరియడ్ మొత్తంలో అంత విలువైన నిమిషం ఇంకోటి ఉండదు, దయచేసి మీరే జవాబు చెప్పేసి దాన్ని పాడుచేయకండి.

అనుమానించాల్సినవి రెండున్నాయి. నలపడంలోనే కొన్ని కణాలు పూర్తిగా చితికి సబ్బు లేకుండానే డీఎన్ఏ కొంత బయటపడి ఉండొచ్చు. రెండో అనుమానితుడి పేరు పెక్టిన్. పండు కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు ఇది, జామ్‌నూ జెల్లీనీ గడ్డకట్టించేదీ ఇదే. దీనికి కూడా ఆల్కహాల్ పడదు, తగలగానే తెల్లగా విడిపోతుంది. జామకాయ జెల్లీ చేసేవాళ్లకు ఇది పాత విద్యే. ఉడికించి వడగట్టిన జామరసంలో ఒక చెంచాడు తీసి ఆల్కహాల్ కలుపుతారు. ఒకే ముద్దగా కడితే పెక్టిన్ బాగుందని, పీలికలు పీలికలుగా వస్తే చాలదని లెక్క. కాబట్టి మూడో గ్లాసు కూడా పెట్టండి, జామకాయ ముక్కలు ఉడికించి చల్లార్చిన నీళ్లతో. నాలుగోది పండే లేకుండా, ఉత్త సబ్బు ఉప్పునీళ్లతో. అది కొంచెం మసకబారొచ్చు, పోగులు మాత్రం రాకూడదు. నాలుగూ వరసగా పెట్టి చూస్తే తేడాలు తెలుస్తాయి. జామ గ్లాసులోది వణికే ముద్ద, పుల్లకు జారిపోతుంది. సబ్బు వేసిన గ్లాసులోది సన్నటి పీచులా సాగి చుట్టుకుంటుంది. అయితే చుట్టుకుంది కాబట్టి అంతా డీఎన్ఏయే అని తీర్పు చెప్పలేం. మనం తీసింది డీఎన్ఏ, దానితో ఆర్‌ఎన్‌ఏ, కొంత ప్రోటీన్, కొంత పెక్టిన్ కలిసిన పదార్థం. బల్ల మీద అట్ట పెడితే "అరటిపండు డీఎన్ఏ" అని కాకుండా "డీఎన్ఏ ఉన్న ముడి పదార్థం" అని రాయించండి. జడ్జీలు మార్కులు తగ్గిస్తారేమో, తగ్గించనివ్వండి.

మరి ఇందులో డీఎన్ఏ ఉందని మొట్టమొదట తేల్చినవాళ్లు ఎలా తేల్చారు? ఆ కథ 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ పట్నంలో మొదలవుతుంది. కొండమీది కోటలో ఒకప్పటి వంటగదిని ప్రయోగశాలగా మార్చారు. అక్కడ పాతికేళ్లు నిండని ఫ్రీడ్రిక్ మీషర్ ఆసుపత్రి నుంచి తెచ్చిన కట్టుగుడ్డల్లోని చీమును ఉప్పుద్రావణంతో కడిగి తెల్లకణాలు తీసేవాడు. ఆల్కహాల్‌తో కొవ్వు వదిలించేవాడు, పంది కడుపులోంచి తీసిన పెప్సిన్‌తో ప్రోటీన్లను అరగదీసేవాడు. మిగిలిన పదార్థం పెప్సిన్‌కు లొంగలేదు. దాన్ని పరీక్షిస్తే భాస్వరం ఎక్కువగా కనబడింది. అప్పటికి తెలిసిన ప్రోటీన్లలా ఇది లేదు. కేంద్రకంలోంచి వచ్చింది కనుక న్యూక్లీన్ అని పేరు పెట్టాడు. ఆయన గురువు హోప్-సైలర్ ఈ మాట నమ్మలేదు. శిష్యుడి పనిని తన చేత్తో మళ్లీ మొదటినుంచీ చేసి చూసుకున్నాకే అచ్చుకు ఒప్పుకున్నాడు, అది వెలువడేసరికి 1871 వచ్చింది. అనుమానించే గురువు దొరకడం మీషర్ అదృష్టమని నా ఉద్దేశం.

పెప్సిన్ మెట్టు మన బడిలోనూ వేయొచ్చు. మటన్ మెత్తబడాలని మన వంటల్లో పచ్చిబొప్పాయి పేస్టు కలుపుతారుగా, దానిలోని పపెయిన్ ప్రోటీన్లను విరిచే ఎంజైమే. పచ్చిబొప్పాయి కోరు పిండిన రసం ఒక చెంచా వడగట్టిన ద్రవంలో కలిపి పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత ఆల్కహాల్ పోయండి. ఇదొక గ్లాసు, అదే పని రసం బదులు నీళ్లతో చేసింది ఇంకో గ్లాసు. పోగులు తెల్లబడ్డాయా, చుట్టడం తేలికైందా అన్నది పిల్లలే చూసి రాయాలి. ఒకటి గుర్తుంచుకోండి, బొప్పాయి కూడా మొక్కే, దాని డీఎన్ఏ, పెక్టిన్ కొంత అందులోనూ ఉంటాయి. ఈ సంగతి పిల్లల్లో ఎవరైనా మీకంటే ముందే ఎత్తి చూపితే ఆ రోజుకు మీ పని అయిపోయినట్టే.

మీషర్ పట్టుకున్న భాస్వరం దగ్గర మనకొక చుట్టరికం ఉంది. పెక్టిన్ చక్కెర ఆమ్లాల గొలుసు, అందులో భాస్వరం ఉండదు. డీఎన్ఏలో ప్రతి కొలుకుకూ ఒక ఫాస్ఫేట్ ఉంటుంది. కాబట్టి తెల్ల ముద్దలో భాస్వరం ఎంతుందో కొలిస్తే తగాదా చాలావరకు తీరుతుంది. జీవపదార్థాల్లో కొద్దిపాటి భాస్వరాన్ని నీలిరంగు ముదురుదనాన్ని బట్టి కొలిచే పద్ధతి 1925లో హార్వర్డ్ నుంచి వెలువడింది. దాని పేరు ఫిస్క్–సుబ్బారో పద్ధతి. ఆ సుబ్బారో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మందులతోనే పిల్లలకు పరిచయం. ఒక తెల్లటి పదార్థం ఏమిటో తేల్చుకోవడానికి ఆయన చూపిన దారి కూడా ఇలాంటిచోట చెప్పొచ్చు. ఈ పరీక్షకు గాఢ ఆమ్లాలు, వేడిచేయడం కావాలి, కొవ్వులోనూ ఉత్త ఉప్పుల్లోనూ ఉండే భాస్వరాన్ని ముందే కడిగేయాలి. ఆర్‌ఎన్‌ఏలోనూ భాస్వరం ఉంటుంది కనుక ఆ రెంటినీ విడదీయడానికి డైఫినైలమీన్ అనే ఇంకో పరీక్ష ఉంది, అది డీఎన్ఏతో నీలిరంగు ఇస్తుంది. ఇవి హైస్కూల్లో వద్దు. దగ్గరలో డిగ్రీ కాలేజీ ఉంటే కెమిస్ట్రీ మేడమ్‌ను కలిసి, నాలుగు గ్లాసుల్లోవీ వేరువేరు గొట్టాల్లో పట్టుకెళ్లండి. ఏ గొట్టంలో ఏముందో ఆవిడకు చెప్పకండి, అంకెలు మాత్రమే వేయండి.

పుల్లకు చుట్టుకున్న పోగును చిన్నచూపు చూడకండి. 1950 మే నెలలో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ సిగ్నర్ దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన మంచి డీఎన్ఏను లండన్ సమావేశంలో పంచిపెట్టాడు. కింగ్స్ కాలేజీకి చెందిన మారిస్ విల్కిన్స్ దాన్ని తడిపి గాజుకడ్డీతో తాకి తీస్తే సన్నటి దారం సాగివచ్చింది. అలా సాగదీసిన దారంలో అణువులు ఒక వరసలో ఉంటాయి, వాటి మీద ఎక్స్ కిరణాలు పడితే క్రమమైన చిత్రం వస్తుంది. అదే డీఎన్ఏతో 1952 మేలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె విద్యార్థి రేమండ్ గోస్లింగ్ తీసిన చిత్రమే తర్వాత ఫొటో 51గా పేరుపడింది. వాట్సన్, క్రిక్‌ల జంట మెలిక నమూనా 1953 ఏప్రిల్లో అచ్చయింది. చీపురుపుల్లకు పోగు చుట్టుకోవడమూ, గాజుకడ్డీ వెంట దారం రావడమూ డీఎన్ఏ పొడుగు వల్ల జరిగేవే.

పిల్లలు తప్పక ఎత్తే మాట మరొకటుంది, మనిషి డీఎన్ఏ సగం అరటిపండుదే అని. ఫోన్లలో బాగా తిరిగింది. డీఎన్ఏ గొలుసులోని రసాయన అక్షరాలు సగానికి సగం సరిపోతాయని దాని అర్థం కాదు. ఊపిరి తీసుకోవడం, డీఎన్ఏను నకలు చేయడం వంటి మౌలికమైన పనులు రెండు కణాల్లోనూ జరగాలి గనక ఆ పనులు చేసే జన్యువులకు అటూ ఇటూ పోలికలున్నాయి, అంతే. కొందరు ఎక్కువ డీఎన్ఏ ఉంటే ఎక్కువ తెలివా అని అడుగుతారు. ఉల్లిపాయ ముందు పెట్టండి. దాని ఒక్క కట్టలో దాదాపు 1600 కోట్ల అక్షరాలు, మన కట్టకు ఐదు రెట్లు. అరటి కట్టలో 52 కోట్లు దాటి కొంత. పండ్లంత పెక్టిన్ ఉల్లిలో ఉండదు కాబట్టి ఐదో గ్లాసుకు ఇదే మంచిది, కళ్లు మండినా సరే.

చుట్టిన పోగును దాచుకోవాలంటే గట్టి మూత ఉన్న చిన్న సీసాలో అదే ఆల్కహాల్ పోసి అందులో ముంచి ఉంచండి, నీడపట్టున చాలాకాలం ఉంటుంది. సీసా మీద పండు పేరు, తేదీ, సబ్బు వేశారో లేదో రాయించండి. మిగిలిన ద్రవాన్ని నీళ్లు బాగా కలిపి పలుచన చేసి, దగ్గర్లో మంట లేదని చూసుకుని తూములో పోయండి. సబ్బు కలిసిన పిప్పిని పశువులకు పెట్టకూడదు, అరటితొక్కలు పెట్టొచ్చు. గ్లాసులు కడిగి విడిగా దాచండి, మళ్లీ మంచినీళ్ల కుండ పక్కకు చేర్చవద్దు.